మోక్షమూలరుని ఇంటిపేరు

నేను సంస్కృతము చదువుకొనుచున్న చిన్ననాట మా గురువుగారి అలమారలో ఒక పెద్ద పుస్తకముండెడిది. అది సాయణభాష్యముతో కూడిన ఋగ్వేద సంహిత. దాని ముఖపత్రముపై సంపాదకుని పేరు సంస్కృతములో అచ్చువేయబడియుండెను. ఆయన శార్మణ్యదేశమున జన్మించినవాడనియు, గోతీర్థమున నివసించువాడనియు, ఆయన పేరు మోక్షమూలరభట్టనియు అందు కలదు. గోతీర్థమనగా గోదావరి తీరమున ఎక్కడనో ఒక స్నానఘట్టమై యుండుననియు, మోక్షమూలరభట్టనగా ఘనాంతము చదివిన ఒక వృద్ధబ్రాహ్మణుడై యుండుననియు నేను భావించుకొంటిని. శార్మణ్యదేశ మెక్కడిదో మాత్రము తెలియలేదు. గురువుగారిని అడుగుటకు ధైర్యము చాలలేదు.

శార్మణ్యదేశము జర్మనీ అనియు, గోతీర్థము ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు అనియు, భట్టుగారు మాక్స్‌ముల్లరు పండితుడనియు కొన్ని యేండ్ల తరువాత తెలిసినది. అప్పుడొక చిన్న సంగతి నా మనస్సున నాటుకొన్నది. ఆక్స్‌ఫర్డు అనుమాటకు ఎద్దులు ఏరు దాటు రేవు అని అర్థము. కనుక గోతీర్థమనుట అర్థమునుబట్టి చేసిన అనువాదము. మోక్షమూలరుడనుట అట్టిది కాదు. అది చెవికి వినవచ్చిన ధ్వనినిబట్టి చేసిన కూర్పు. ఊరిపేరును అర్థముతో మార్చినవారు మనిషిపేరును ధ్వనితో మాత్రమే ఏల మార్చిరి? ముల్లరు అను మాటకు అర్థము లేదా?

అర్థము లేకేమి! ముల్లరనగా ధాన్యము విసరి పిండిచేయు మరను నడుపువాడు. మోక్షమునకు మూలమనుకొన్న పేరు పిండిమర దగ్గరకు వచ్చి నిలిచినది. ఈ సంగతి మొదట తెలిసినపుడు నాకు కొంచెము చిన్నతనముగా తోచిన మాట నిజము. ఆ తరువాత ఆ పేరు చరిత్రను కొంత పరిశీలించిన పిమ్మట చిన్నతనము పేరులో లేదు, నా తలంపులోనే కలదని తెలిసికొంటిని. ఆ చరిత్రనే నేడు శ్రోతలకు మనవి చేయుదును.

మొదట ఉచ్చారణ సంగతి. జర్మను భాషలో ఈ పేరునందలి మొదటి అచ్చు మన భాషలో లేదు. పెదవులను ఉకారమునకు వలె గుండ్రముగా చుట్టి, లోపల నాలుకతో ఇకారమును పలికినచో ఆ ధ్వని వచ్చును. కొందరు ముల్లరనియు, కొందరు మ్యూలరనియు వ్రాయుటకు ఇదియే కారణము. మన సౌకర్యముకొరకు ముల్లరనియే అందము.

జర్మనీలో నేడు అన్నిటికంటె ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదియే. ఇంచుమించు నూటికి ఒకరు ముల్లరులు. స్విట్జర్లాండులో గూడ మొదటిస్థానము దీనిదే. మనము పేరులేని సామాన్యుని ఎల్లయ్య అనియో పుల్లయ్య అనియో చెప్పినట్లు, జర్మనులు సామాన్యగృహిణిని సూచించుటకు లీస్షెన్ ముల్లర్ అను పేరు వాడుదురు. ముల్లరునకు తరువాత వరుసలో నిలుచు పేర్లను చూడుడు. ష్మిట్ అనగా కమ్మరి. ష్నైడర్ అనగా కుట్టుపనివాడు. ఫిషర్ అనగా చేపలు పట్టువాడు. వేబర్ అనగా నేతగాడు. దేశమంతటి జనసంఖ్యలో అగ్రస్థానములన్నియు వృత్తులవే. రాజులు, వీరులు, మునులు ఎవరును ఈ వరుసలో ముందునకు రాలేదు.

ఈ పేర్లు ఎట్లు పుట్టినవి? ఒకప్పుడు జర్మను దేశములలో మనిషికి ఒక్కటే పేరు. హైన్రిఖ్ అనినను, కొన్‌రాడ్ అనినను, ఆ ఒక్క మాటతోనే వ్యవహారము నడచెడిది. పండ్రెండవ శతాబ్దమునాటికి పట్టణములు పెరిగినవి. ఒక్కొక్క వీథిలో నలుగురు హైన్రిఖులు ఏర్పడిరి. పన్ను వసూలుచేయువానికి, పత్రము వ్రాయు లేఖకునికి, అప్పిచ్చువానికి ఏ హైన్రిఖు ఎవడో తెలియవలెను. అందుచేత గుర్తుకొరకు రెండవ మాట చేర్చుట ఆరంభమైనది. ఫలానివాని కొడుకు అని తండ్రిపేరు కొందరికి, వచ్చిన ఊరిపేరు కొందరికి, పొట్టి, పొడుగు, నలుపు, తెలుపు అను గుర్తులు కొందరికి, చేయు పని కొందరికి చేరినవి. రైన్ నదీతీరమునందలి పట్టణములలోను దక్షిణదేశమునను ఈ అలవాటు ముందుగా పుట్టి, మెల్లగా ఉత్తరమునకును పల్లెలకును ప్రాకినది.

మొదట ‘పిండిమర నడుపు హైన్రిఖు’ అని పూర్తిగా చెప్పుచుండిరి. క్రమముగా నడిమి మాటలు రాలిపోయి హైన్రిఖ్ ముల్లర్ అయినది. అప్పటికి అది ఇంటిపేరు కాదు, వాని గుర్తు మాత్రమే. వాని కొడుకు కమ్మరిపని నేర్చుకొన్నచో వాడు ష్మిట్ కావచ్చును. కాని పత్రములు పెరిగినకొద్దియు పేరు కదలక నిలిచినది. తండ్రి భూమి కొడుకునకు సంక్రమించునపుడు తండ్రిపేరు గూడ వానితో సంక్రమించినగాని హక్కు రుజువు కాదు. ఇట్లు పదునైదవ శతాబ్దమునాటికి చాలచోట్ల తండ్రి గుర్తు కొడుకునకు ఇంటిపేరైనది. 1875లో జర్మను సామ్రాజ్యమున జనన వివాహ మరణములను ప్రభుత్వమే నమోదు చేయవలెనని శాసనము వచ్చినది. 1876 జనవరినుండి అది దేశమంతట అమలు జరిగినది. నాడు గుమాస్తా చేతిలో ఏ వర్ణక్రమము పడినదో, తరువాత తరములవారికి ఇంచుమించు అదియే నిలిచినది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఆనాటి జనులలో అత్యధికులు సేద్యము చేయువారు కదా! సేద్యగాడు అను అర్థముగల బవర్ అను పేరు మొదటిదిగా ఉండక, పిండిమరవాని పేరు ఏల ముందునకు వచ్చినది? కారణము సులభమైనది. పేరు వేరుచేసి చూపుటకు పుట్టినది. ఊరంతయు దున్నువారే అయినపుడు, దున్నువాడనిన ఎవరిని చూపినట్లు? కాని ఊరికి పిండిమర ఒక్కటే. మరవాడనగానే వ్రేలు పెట్టి చూపినట్లు ఆ ఒక్కనికే తగులును. అట్టి మర ప్రతి ప్రాంతమునను ఉండెను గనుక, ఒకరితో ఒకరికి చుట్టరికము లేని వేలకొలది కుటుంబములు వేరువేరుగా ఒకే పేరును పొందినవి. ముల్లరులందరు ఒక వంశమువారు కారు. ప్రతి యేటి ఒడ్డునను ఒక్కొక్క ముల్లరు వంశము మొలచినది.

ఇక మాట పుట్టుక చూతము. పూర్వము జర్మను తెగలవారు ధాన్యమును చేతితిరుగలితోనే విసరుకొనుచుండిరి. దానికి వారి మాట క్విర్న్. ఇంగ్లీషులో చేతితిరుగలికి క్వెర్న్ అను మాట నేటికిని కలదు. ఈ మాటకును మన సంస్కృతమునందలి ‘గ్రావన్’ అను మాటకును మూలధాతువు ఒక్కటియే అని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. గ్రావమనగా రాయి, ముఖ్యముగా సోమలతను నలుగగొట్టి రసము తీయు రాయి. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనగోరెదను. దీనితో చివర పనియున్నది.

తరువాత రోమనులు రైన్ నదిని చేరిరి. వారు తెచ్చిన వస్తువులలో నీటిచక్రముతో తిరుగు మర ఒకటి. నాలుగవ శతాబ్దమునందు ఔసోనియుస్ అను లాటిన్ కవి మోసెల్ నదినిగూర్చి వ్రాసిన కావ్యములో, దాని ఉపనదియొక్క నీటిబలముతో ధాన్యము విసరుటయు, చలువరాతిని కోయుటయు వర్ణింపబడినవి. ఆ తావు నేటి జర్మనీలోని ట్రియర్ పట్టణమునకు సమీపమున కలదు. వస్తువుతోపాటు దాని పేరును వచ్చినది. లాటిన్ భాషలో విసరు మరకు మోలీన అని పేరు. దానిని నడుపువాడు మోలినారియుస్. ఈ మాట పాత జర్మనులో ములినారి అయినది. మధ్యకాలమున ముల్నెర్ అయినది. లకార నకారముల జంటలో నకారము లకారముతో కలిసిపోగా ముల్లర్ అయినది. మనము ‘కన్నులు’ అనునది ‘కండ్లు’ అనియు, అది ‘కళ్ళు’ అనియు పలుకుచుండుట లేదా? నాలుక సులభమైన దారిని వెదకుకొనుట అన్ని భాషలలోను కలదు.

చిత్రమేమనగా, విసరుట అను క్రియకు జర్మనుల సొంతమాట మాలెన్ నిలిచియే యున్నది. పిండికి మేల్ అను సొంతమాటయు నిలిచినది. ఇవియు లాటిన్ మాటయు ఒకే ప్రాచీనధాతువునుండి పుట్టిన జ్ఞాతులే. పనియు తమదే, పిండియు తమదే. పరదేశమునుండి వచ్చినది యంత్రమును, దాని కాపరి పేరును మాత్రమే.

మన భాషలో ముల్లరునకు సరియైన ఒక్కమాట వెదకితిని. దొరకలేదు. తిరుగలి మన ఇండ్లలోనిది. తెల్లవారుజామున ఇల్లాండ్రు పాడుకొనుచు విసరుకొనెడివారు. నూనెకు గానుగ ఉండెను. దానిని ఆడించు గాండ్లవారును ఉండిరి. కాని ఊరందరి ధాన్యమును విసరిపెట్టి బ్రతుకు వృత్తివానికి తగిన ప్రాతమాట నాకు కానరాలేదు. పిండిమరవాడన్నది మరలు వచ్చిన తరువాతి మాట. కనుక మోక్షమూలరుడను పేరును కూర్చినవారికి అర్థమునుబట్టి అనువదించుట కష్టమైయుండినను ఆశ్చర్యము లేదు.

జర్మనుదేశమున ప్రాంతమునుబట్టి ఈ పేరు రూపము మారును. ఉత్తరమున మొల్లర్ అందురు. దక్షిణమున పాత నకారమును విడువక ముల్నర్ అనువారును కలరు. బవేరియా ప్రాంతమున పెదవులు గుండ్రము చేయుట మానివేయగా మిల్లర్ అయినది. అమెరికాకు వలసపోయిన ముల్లరులు అనేకులు అచ్చటి ఇంగ్లీషు మాటతో కలిసిపోయి మిల్లర్లైరి. ముల్లరులు మిక్కిలి ఎక్కువైన చోట ముందు మరియొక మాట చేర్చిరి. ఎగువమరవాడు ఓబర్ముల్లర్, క్రొత్తమరవాడు నోయ్‌ముల్లర్, గాలిమరవాడు విండ్‌ముల్లర్ అయినారు. మర అనిన పిండిమర ఒక్కటియే కాదు. నూనెమరవాడు ఓల్‌ముల్లర్, కోతమిల్లువాడు సేగ్‌ముల్లర్. తోళ్ళు ఊనుటకు చెట్టుబెరడును పొడిచేయువాడు లోముల్లర్. తుపాకిమందు నూరువాడు పుల్వర్‌ముల్లర్. ఒక్క పేరుల పట్టికను చదివినంతనే ఆనాటి నీటిబలము ఎన్ని పనులు చేసెనో తెలియవచ్చును.

ఇంతవరకు మాట సంగతి. మనిషి సంగతి ఇంకను మిగిలియున్నది.

మధ్యయుగమున మరను కట్టించుట సామాన్యునికి శక్యమగు పనికాదు. ఏటికి కట్ట వేయవలెను, కాలువ త్రవ్వవలెను, చక్రము, రాళ్ళు సమకూర్చవలెను. పైగా నీరు ప్రభువుది. అందుచేత మరయు ప్రభువుదే. ముల్లరు కౌలుదారు మాత్రమే. ఫలాని ఊళ్ళవారు ఫలాని మరలోనే ధాన్యము విసరించవలెనని ప్రభువు నిర్బంధము. వేరొక మరకు పోయినవానికి శిక్ష. ముల్లరునకు కూలి డబ్బురూపమున గాక పిండిరూపమునను ధాన్యరూపమునను వచ్చెడిది. చాలచోట్ల పదునారింట ఒక వంతు వాని పాలు. ముందు వచ్చినవానిది ముందు విసరవలెనను నియమము పదమూడవ శతాబ్దమునాటి సాక్సనుల ధర్మశాస్త్రమునందే కలదు. అది జర్మనులలో నేటికిని సామెతయై అన్ని వరుసలకును చెల్లుచున్నది.

ఇట్టి ఏర్పాటులో జనులకు ముల్లరుపై అనుమానము కలుగక ఎట్లుండును? బస్తా ధాన్యము పోసి వచ్చినవాడు పిండి తీసికొనిపోవును. ధాన్యము బరువు వేరు, పిండి బరువు వేరు. తౌడు ఎంత పోయినదో, గాలికి ఎంత ఎగిరినదో, కొలపాత్ర అడుగున ఎంత నిలిచినదో చెప్పగలవాడు ముల్లరు ఒక్కడే. తగవు పడినను వేరొకచోటికి పోవుటకు వీలులేదు. మర ఊరికి దూరముగా ఏటియొడ్డున ఉండును. నీరు ఉన్నపుడు రాత్రియనక పగలనక తిరుగును. కొంగ పిండిమరపై గూడు కట్టదనియు, కట్టినచో ముల్లరు గ్రుడ్లు దొంగిలించునని దానికి భయమనియు జర్మను పల్లెలలో ఒక పరిహాసపు మాట కలదు. ముల్లరులు అందరు దొంగలు కారు. కాని ప్రభువుపై కోపమును ప్రభువుపై చూపలేని రైతు దానిని ఎదుటనున్న మరవానిపై చూపెను.

పరిహాసముతో ఆగినచో బాధ లేకపోవును. జర్మను పట్టణములలోని వృత్తిసంఘములు కొన్ని వృత్తులను గౌరవహీనములని ఎంచినవి. వృత్తి నేర్చుకొనగోరిన బాలుడు తాను గౌరవముగల తల్లిదండ్రులకు పుట్టినట్లు పత్రము చూపవలెను. నారబట్ట నేయువాని కొడుకునకు, మంగలి కొడుకునకు, గొఱ్ఱెలకాపరి కొడుకునకు, ముల్లరు కొడుకునకు చాలచోట్ల సంఘములు తలుపు మూసినవి. తండ్రి చేసిన నేరము ఏదియును లేదు. తండ్రి చేసిన పనియే నేరము. ఇట్టి మాటలు మన దేశమువారికి విడమరచి చెప్పవలసిన పనిలేదు.

1548లో సామ్రాజ్యశాసనము ఈ ఆచారమును నిషేధించినది. ముల్లరులు, మంగలులు, నేతగాండ్రు, కాపరులు మొదలైనవారి పిల్లలను సంఘములలో చేర్చుకొనవలెనని ఆజ్ఞాపించినది. 1577లో అదే ఆజ్ఞ మరల వెలువడినది. 1731లో ఇంకను విస్తరించి మరియొకమారు వెలువడినది. ఒకే ఆజ్ఞను సుమారు రెండువందల యేండ్లలో ముమ్మారు జారీ చేయవలసివచ్చుటయే, దానిని ఎంతమంది లక్ష్యపెట్టిరో చెప్పకయే చెప్పుచున్నది.

ముల్లరు బ్రతుకెంత బలహీనమైనదో తెలుపు ఉదంతము ఒకటి ప్రష్యా చరిత్రలో ప్రసిద్ధమై యున్నది. ఆర్నోల్డ్ అను మరవానికి పొమ్మెర్‌జిగ్ అను గ్రామము దగ్గర ఒక నీటిమర ఉండెను. ఎగువనున్న జమీందారు ఒకడు చేపల చెరువులు త్రవ్వించి వాగునీటిని మళ్ళించెను. నీరు తగ్గినది, మర ఆగినది, కౌలు చెల్లించలేనంటినని ఆర్నోల్డ్ మొరపెట్టుకొనెను. న్యాయస్థానములు ఆ మొర వినలేదు. మర వేలమునకు పోయినది. ఆలుమగలు రాజునకు అర్జీలు పెట్టుకొనిరి. 1779 డిసెంబరులో రెండవ ఫ్రెడరిక్ మహారాజు కోపించి, తీర్పుచెప్పిన న్యాయాధిపతులలో కొందరిని కోటలో బంధించి, ప్రధానన్యాయామాత్యుని పదవినుండి తొలగించి, మరను మరవానికి ఇప్పించెను. రాజు మరణించిన పిమ్మట, న్యాయాధిపతులు చట్టమును తప్పలేదని తేలి వారికి గౌరవము తిరిగి లభించినది. చట్టమెవరి ప్రక్కనున్నదో ఏమో గాని, ఎగువవాడు చెరువు త్రవ్విన దిగువవాని చక్రము నిలిచిపోవునన్న సంగతి మాత్రము ఆ దేశమంతటికిని తెలిసివచ్చినది. ఫలాని మరలోనే విసరించవలెనను నిర్బంధమును ప్రష్యా ప్రభుత్వము 1810లో రద్దుచేసినది.

ఇన్ని నిందలు మోసిన పేరును దాని సంతతివారు ఏల విడువలేదు? కొందరు విడిచిరి, లేదా వేరు ఉడుపు తొడిగిరి. పదునైదు, పదునారవ శతాబ్దములందు లాటిన్ చదువు ప్రబలినపుడు చదువుకొన్న ముల్లరులు కొందరు తమ పేరును లాటిన్‌లోనికి మార్చి మోలిటోర్ అనియు, మ్యూలియుస్ అనియు పిలిపించుకొనిరి. ప్రసిద్ధ ఖగోళశాస్త్రవేత్త రేగియోమోంటానుస్ అసలుపేరు యోహాన్నెస్ ముల్లర్. ఆయన 1436లో కోనిగ్స్‌బెర్గ్ అను చిన్న ఊరిదాపున జన్మించెను. ఆ ఊరిపేరునకు రాజగిరి అని అర్థము. దాని లాటిన్ రూపమే రేగియోమోంటానుస్. మరవాని పేరు మరుగై రాజగిరి పేరు లోకమున నిలిచినది. కాని వేలకొలది ముల్లరులకు లాటిన్ రాదు. ఇరుగుపొరుగువారు పెట్టిన పేరును వారు మార్చలేకపోయిరి. దానిని మోయుచు మోయుచు, మోసిన భారమే మరచిపోవునంతవరకు మోసిరి.

అట్లు మరచిపోవుటతోనే పేరు బాగుపడినది. డెస్సౌ పట్టణమున ఒక కుట్టుపనివాడు ఉండెను. ఆయన ఇంటిపేరు ముల్లర్. పేరునకు పిండిమర, చేతిలో సూది. ఆయనకు 1794లో జన్మించిన కుమారుడు విల్‌హెల్మ్ ముల్లర్ కవియై, ఆ పట్టణమునందే గ్రంథాలయాధికారియై జీవించెను. ఈ కవి వ్రాసిన గేయమాలికలలో పేరుపొందినది ఒక మరవాని కూతురి కథ. పని వెదకుకొనుచు వాగువెంట నడచివచ్చిన పిండిమర కుఱ్ఱవాడు ఆ పిల్లను ప్రేమించి, ఆమె వేటగానివైపు మొగ్గుటచే నిరాశుడై, తుదకు ఆ వాగులోనే నిద్రపోవును. ఇంటిపేరులో ఎప్పుడో అణగియున్న మర, కుట్టుపనివాని కొడుకు కలమున మరల తిరిగినది.

ఈ గేయములకు 1823లో సంగీతము కూర్చినవాడు ఫ్రాన్ట్స్ షూబర్ట్. షూబర్ట్ అను మాటకు ప్రాత అర్థము చెప్పులు కుట్టువాడు. ఆయన తండ్రియో, బడిపంతులు. అదే 1823లో డిసెంబరు 6వ తేదీన విల్‌హెల్మ్ ముల్లరునకు కుమారుడు జన్మించెను. బిడ్డకు మాక్స్ అను పేరు ‘ఫ్రైషుట్స్’ అను సంగీతనాటకమునందలి పాత్రనుబట్టి వచ్చినది. ఆ నాటకమునకు సంగీతము కూర్చిన కార్ల్ మరియా ఫాన్ వేబరే బిడ్డకు జ్ఞానపిత. వేబర్ అనగా నేతగాడని ముందే చెప్పితిని. మరవాడు పాట వ్రాసెను, చెప్పులు కుట్టువాడు స్వరము కూర్చెను, నేతగాడు బిడ్డకు జ్ఞానపిత అయ్యెను. కాని వీరిలో ఎవ్వరును మర త్రిప్పలేదు, చెప్పు కుట్టలేదు, మగ్గము నేయలేదు. పేరు పూర్వుల శ్రమను గుర్తుంచుకొన్నది. మనుష్యులు తమ దారిని తాము పోయిరి.

ఆ బిడ్డయే మన మాక్స్‌ముల్లరు. తండ్రి పోవునప్పటికి నాలుగేండ్లయినను నిండలేదు. లైప్సిగ్, బెర్లిన్, పారిస్ నగరములలో చదివి, 1846లో ఇంగ్లండు చేరెను. ముల్లర్ అను పేరు జర్మనులలో మిక్కిలి సామాన్యమగుటచే అది ఒక్కటియే తనను వేరుచేసి చూపదని తలచి, మాక్స్ అను సొంతపేరును గూడ ఇంటిపేరులో భాగముగా కలుపుకొనెను. గమనించితిరా? హైన్రిఖులు ఎక్కువైనందున గుర్తుకొరకు పుట్టిన మాట ముల్లర్. ముల్లరులు ఎక్కువైనందున మరల గుర్తుకొరకు సొంతపేరే కావలసివచ్చినది. ఏడువందల యేండ్లలో బండిచక్రము ఒకచుట్టు తిరిగినది.

ఆయన ఋగ్వేదముద్రణ 1849లో మొదలై ఆరు సంపుటములుగా 1874లో ముగిసినది. ఇరువదియైదేండ్ల శ్రమ. సాయణాచార్యులు విజయనగరరాజుల ఆశ్రయమున రచించిన భాష్యమును ప్రతులతో ప్రతులు సరిచూచి అచ్చువేయుట సామాన్యమైన పని కాదు. ఆయన అభిప్రాయములన్నిటిని మనము అంగీకరించితీరవలెనని లేదు. కాని ఆ ఓర్పును కాదనువారు లేరు. జర్మనుభాషను నేర్పు సంస్థలకు జర్మనులు తమ దేశమున గ్యోటె మహాకవి పేరు పెట్టుకొనగా, భారతదేశమున వాటిని మాక్స్‌ముల్లరు భవనములని పిలుచుటకు ఈ గౌరవమే కారణము.

నేడు జర్మనీలో నీటిచక్రపు మరలు చాలవరకు నిలిచిపోయినవి. కొన్నిటిని చూచుటకు మాత్రము కాపాడుచున్నారు. పెద్ద కర్మాగారములలో యంత్రములే విసరుచున్నవి. ఆ పని నేర్చుకొను యువకునకు ప్రభుత్వమిచ్చు యోగ్యతాపత్రముపై గూడ ముల్లర్ అను చిన్నమాటకు బదులు, మరల ధాన్యముల పరిశ్రమలో ప్రక్రియానిపుణుడు అను అర్థముగల పొడుగుమాట ఉన్నది. పని తన ప్రాతపేరును విడిచినది. ఆ పేరును ఇప్పుడు నిలుపుచున్నవారు ఆ పని చేయనివారే. వైద్యులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు తలుపుమీది పలకపై దానిని వ్రాసికొని, అందులోని చక్రపుధ్వనిని వినకయే లోనికి పోవుచున్నారు.

ఇక గుర్తుంచుకొనుమన్న మాట. రోమనుల మర రాకపూర్వము జర్మనులు తిరుగలిని క్విర్న్ అనిరి. అది మన గ్రావన్ శబ్దమునకు తోబుట్టువు. ఋగ్వేదము పదవ మండలములో ఆ గ్రావములనే దేవతలుగా భావించి స్తుతించు సూక్తములు కలవు. నలుగగొట్టు రాళ్ళకు, వాటి ధ్వనికి, వాటి శ్రమకు ఋషులు నమస్కరించిరి. నలుగగొట్టు పనిని గౌరవహీనమని వారు తలంచలేదు. ఆ సూక్తములను అక్షరమక్షరము దిద్ది అచ్చువేయించినవాడు ఒక ముల్లరు.

చిన్ననాడు నేను మోక్షమూలరుడను పేరు గొప్పదనుకొని, ముల్లర్ అను పేరు చిన్నదనుకొంటిని. మొదటిది ఒక పండితుని చమత్కారము. రెండవది ఎన్నో యేళ్ళ ఒడ్డున ఎందరో పేరులేనివారు రాత్రింబగళ్ళు విసరిన పిండితో సంపాదించుకొన్నది. గురువుగారు నేడు ఉండినచో, ఆనాడు అడుగలేకపోయిన ప్రశ్నను అడుగుటకు మారుగా ఈ సంగతి వారికి నేనే విన్నవించి యుందును.